వాన పడ్డది, దుప్పికి పోదామా?

(ఆదివారం కాప్రాలో మన వాళ్ల కూడికలో మాట్లాడింది ఇది. డ్యూటీలుండి రాలేకపోయినవాళ్ల కోసం రాసి పెడుతున్నా. కొంచెం అటూ ఇటూ సర్దాను, మాట మాత్రం మాటలాగే ఉంచాను.)



ఈ వారంలో ముగ్గురు తమ్ముళ్లు ఒకే ప్రశ్న అడిగారు. ముగ్గురూ ఇక్కడే ఉంటారు, చర్లపల్లి కంపెనీల్లో షిఫ్టులు చేస్తారు. ఊరి నుంచి మేనమామలు ఫోన్ చేశారట. "నాలుగు రోజులైంది ముసురు పట్టి. టేకాకు మెత్తబడ్డది, కాలేస్తే చప్పుడు లేదు. దుప్పులు చేల అంచుల దాకా దిగుతున్నాయి. శనివారం సెలవు పెట్టుకొని రాండ్రి, విల్లంబులు తీద్దాం" అన్నారట. "బావా, పోవాల్నా, వద్దా?" అని వీళ్ల ప్రశ్న.

ఫోన్‌లో అవుననో కాదనో చెప్పేసే ప్రశ్న కాదది. అందుకే ఇక్కడ కూర్చోబెట్టి మాట్లాడుతున్నా. ఇది చదివే మీలో కూడా ఇట్లాంటి ఫోన్ వచ్చినవాళ్లు ఉంటారు.

ముందు ఒక మాట. ఈ సంగతి పట్నంలో బయటికొస్తే రెండు రకాల మనుషులు లేస్తారు. ఒకరు "వేటా? మీరింకా అడవి మనుషుల్లాగే ఉన్నారా?" అంటారు. ఇంకొకరు గొంతు తగ్గించి "మాకో రెండు కిలోలు దొరుకుతుందా, ఎంతైనా ఇస్తాం" అంటారు. సైనిక్‌పురి వైపు ఒకే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నాకు ఈ ఇద్దరూ తగిలారు. ఇద్దరికీ మనం మనుషులుగా కనబడలేదు. వాళ్ల సంగతి తర్వాత.

మొదట వాన గురించి, విల్లు గురించి మాట్లాడుకుందాం. మన మామల మాటలో తప్పు లేదు. ఎండాకాలం టేకడవిలో నడిస్తే అప్పడాల మీద నడిచినట్టే. ముప్పై అడుగుల దూరానికి పోకముందే దుప్పి చెవులు తిప్పుతుంది. తడిసిన ఆకు మాట్లాడదు. గాలిలో మన వాసన కూడా కొంత అణుగుతుంది. ఇంకొకటి, వాన ఆగిన వెంటనే చెట్ల మీద నుంచి చుక్కలు టపటపా రాలుతుంటే దుప్పికి అడవి లోపల భయం, ఏ చప్పుడు దేనిదో దానికి తెలియదు. అందుకే బయట గడ్డిలోకి వస్తుంది. ఇదంతా నిజమే. తుపాకి పట్టినవాడికి ఇంతవరకు చాలు.

విల్లు పట్టినవాడికి చాలదు. మన విల్లు వెదురు. నారి కూడా వెదురు బద్ద చీల్చి తీసిందే. తడిస్తే నారి బిగువు మారుతుంది, చెయ్యి అలవాటుపడిన లాగుడుకు బాణం అలవాటైన చోట పడదు. బాణం తోక దగ్గర ఈకలు తడిసి కాడకు అంటుకుంటే అది పక్కకు కొట్టుకుపోతుంది. ఊళ్లో తాతలు విల్లును పొయ్యి పైన అటక మీద ఎందుకు పెడతారో ఆలోచించండి. పొగకు పురుగు పట్టదు, తేమ చేరదు. వానాకాలమంతా అది అక్కడే ఉండేది. అలంకారానికి పెట్టింది కాదు.

అసలు సంగతి ఇంకా ఉంది. బాణం తుపాకి గుండులాగా అక్కడికక్కడే పడేయదు. ములికి లోపల కోస్తుంది, నెత్తురు పోయి జంతువు పడుతుంది. దెబ్బ బాగా తగిలినా దుప్పి వంద గజాలో రెండు వందల గజాలో ఉరుకుతుంది. దెబ్బ తగిలిన వెంటనే వెంటపడొద్దని పెద్దలు చెప్పేవారు. ఒక చుట్ట కాల్చేంతసేపు కూర్చోవాలి. తరిమేవాడు లేడనుకుంటే అది దగ్గర్లోనే పొదలో పడుకుంటుంది. తర్వాత ఆకుల మీద నెత్తురు చుక్కలు చూసుకుంటూ నెమ్మదిగా పోవాలి.

వానలో ఏమవుతుంది? కూర్చుంటే నెత్తురు జాడ కడుక్కుపోతుంది. కూర్చోకుండా వెంటపడితే అది ఇంకా దూరం ఉరుకుతుంది. రెండు దారులూ మూసుకుపోతాయి. ఆ దుప్పి ఎక్కడో వాగు ఒడ్డున రెండు రోజులు మూలిగి చస్తుంది. నక్కలు తింటాయి. మనకు దక్కదు, దానికి బతుకూ దక్కదు. మా తాత తరంలో దెబ్బ తగిలిన జంతువును వదిలేసి ఇంటికొస్తే ఆ మనిషి పేరు ఊళ్లో చెడేది. జంతువు పోయినందుకు కాదు, జాడ పట్టకుండా తిరిగొచ్చినందుకు. సన్నటి చినుకైతే ఒక మాట, ముసురైతే విల్లు ముట్టొద్దు అనేవారు. అది ఏ చట్టం పుస్తకంలోనూ లేదు. అయినా మన ఊళ్లో చట్టమంటే అదే.

వాగుల గురించి మీకు నేను చెప్పేదేముంది. 2023 జూలైలో జంపన్న వాగు కొండాయి మీద పడ్డప్పుడు ప్రాణాలు పోయాయి. ఊళ్లో ఉన్నవాళ్లే కొట్టుకుపోయారు, అడవిలో ఉన్నవాడి గతేంటి? 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలికి వేల చెట్లు కొన్ని గంటల్లో నేలకొరిగాయి. ఆ రోజు ఆ చెట్ల కింద ఎవడైనా దుప్పి కోసం కాచుకొని ఉంటే? నాకు ఆ ఫొటోలు చూసినప్పటి నుంచి వానాకాలం అడవి మీద కొత్త భయం పట్టుకుంది.

ఇప్పుడు ఆచారం. "వేట మన సంస్కృతి" అని మన కుర్రాళ్లు స్టేటస్ పెడుతున్నారు. పెట్టండి. కానీ ఎప్పటి వేట? మన్యంలో ఇటుకల పండగ చైత్రంలో వస్తుంది. గోదావరి ఏజెన్సీలో మన కోయవాళ్ల భూమి పండగ, విత్తనాల పండగ దుక్కి దున్నక ముందు వస్తుంది. మగవాళ్లు విల్లంబులు పట్టుకొని కలిసి అడవికి పోవడం, ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు పేడ నీళ్లు చల్లి ఎగతాళి చేయడం, ఇదంతా వానల ముందే. విత్తనం నేలలో పడ్డాక మనిషి చేను దగ్గర ఉండాలి. వానల్లో జంతువులు చూలుతోనో పిల్లలతోనో ఉంటాయని కూడా పెద్దలు అంటారు. అంటే మన సంస్కృతిలో వేట ఎంత ఉందో, వేట మానే కాలం కూడా అంతే ఉంది. సగం పట్టుకొని సగం వదిలేస్తే అది మన సంస్కృతి కాదు, రీలు.

ఇంకో సంగతి. మన కథల్లో వేట ఊరికే మాంసం కోసం పోయిన పని కాదు. కోయ దొరలు వేట నుంచి తిరిగొస్తుంటే పులుల మధ్య ఆడుకుంటున్న పసిబిడ్డ కనబడిందని, ఆమే సమ్మక్క అని మనం చెప్పుకుంటాం. ఆ కథలో వేటకు పోయినవాళ్లు చంపిన జంతువేంటో ఎవరికీ గుర్తు లేదు. ఇంటికి తెచ్చుకున్న బిడ్డ గుర్తుంది.

ఇక చట్టం. దీన్ని సరిగ్గా తెలుసుకోండి, ఎందుకంటే తెలియకపోతే జైలుకు పోయేది మనమే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు వేటలు కూడా పోయాయి. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, తరమడం, ఎర వేయడం, చంపబోవడం, అన్నీ వేటే. అంటే బాణం గురి తప్పినా కేసు కేసే. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే నేరం. అభయారణ్యంలో వేటాడితే 3 ఏళ్లకు తగ్గని జైలు, 7 ఏళ్ల దాకా పోవచ్చు, 25 వేలకు తగ్గని జరిమానా. ఇంట్లో మాంసం దొరికితే అది అడవిది కాదని నిరూపించుకునే భారం మన మీదే. ఏటూరునాగారం అభయారణ్యం 1950ల మొదట్లోనే ప్రకటించారు. మన ఊళ్లు దాని లోపలే, దాని అంచునే ఉన్నాయి. మీ చేను ఎక్కడ ఆగుతుందో, అభయారణ్యం ఎక్కడ మొదలవుతుందో రాత్రిపూట ముసురులో మీకు తెలుస్తుందా?

"2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది కదా అన్నా, సంప్రదాయ హక్కులన్నీ ఇచ్చింది కదా" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. సెక్షన్ 3లో సంప్రదాయంగా అనుభవించే హక్కులన్నిటినీ గుర్తిస్తామని రాసి, అదే వాక్యంలో వేటను మాత్రం తీసేశారు. కలం పట్టినవాళ్లు మరిచిపోయి వదిలింది కాదు, కావాలని వదిలింది. అదే దేశంలో, అదే 1972 చట్టంలో సెక్షన్ 65 చదవండి. నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగల వేట హక్కులను ఈ చట్టం తాకదని ఉంది. సముద్రం అవతలి ఆదివాసీకి ఒప్పుకున్నది గోదావరి ఒడ్డు ఆదివాసీతో కనీసం మాట్లాడటానికైనా ఎందుకు పనికిరాలేదు? ఇది అడగాల్సిన ప్రశ్నే. బోట్స్‌వానాలో కలహారీ సాన్ ప్రజలు ఇట్లాగే కోర్టుకు పోయారు. వాళ్లకు వేట లైసెన్సులు నిరాకరించడం చట్టవిరుద్ధమని 2006లో అక్కడి హైకోర్టు చెప్పింది. అమెరికాలో విస్కాన్సిన్ ఒజిబ్వేలు పాత ఒప్పందాల మీద కొట్లాడి 1983లో వేట, చేపల హక్కు గెలిచారు. ఎవరూ రాత్రిపూట దొంగచాటుగా పోయి హక్కు తెచ్చుకోలేదు.

మరి అడవిలో జంతువులు తగ్గింది మన విల్లు వల్లేనా? మీరు ఇక్కడి నుంచి వనస్థలిపురం వైపు పోతే మహావీర్ హరిణ వనస్థలి కనబడుతుంది. నిజాం సొంత వేట మైదానం అది. 1975లో జింకల పార్కు అయింది. దొరలు, నవాబులు, తెల్లవాళ్లు తుపాకులతో కొట్టిన పులుల ఫొటోలు గోడలకెక్కాయి, చరిత్రయ్యాయి. 1940ల మొదట్లో హైమండార్ఫ్ అమ్రాబాద్ చెంచుల దగ్గర ఉండి 1943లో పుస్తకం అచ్చేశాడు. విల్లు వాళ్ల చేతిలో ఉంది, కానీ కడుపు ఎక్కువగా నిండింది గడ్డలతో, దుంపలతో, పండ్లతో. కృష్ణజింకల కేసులో సల్మాన్ ఖాన్‌కు 2018లో 5 ఏళ్ల శిక్ష పడితే రెండు రోజులకే బెయిలు. 1998 నాటి కేసు అది. మన పిల్లగాడికి అంత మంచి లాయరు దొరుకుతాడా? ఒక పక్క రాజస్థాన్ ఆదివాసీ లింబారామ్ విల్లు పట్టి మూడు ఒలింపిక్స్ ఆడితే అర్జున, పద్మశ్రీ ఇచ్చారు. అదే విల్లు అడవి దారిలో భుజం మీద ఉంటే నేరస్తుడు. ఇవన్నీ చూస్తే నాకూ కడుపు మండుతుంది.

మండినా సరే, ఈ శనివారానికి నా జవాబు వద్దు.

చట్టానికి భయపడి మాత్రమే చెప్తున్న మాట కాదు. నిజం చెప్పాలంటే ఈ ఫోన్లు అన్నీ విల్లు గురించే కావు. విల్లంబులు అంటారు, పోయాక చూస్తే చేలో కరెంటు తీగ ఉంటుంది, ఉచ్చు ఉంటుంది. తీగకు దుప్పి, అడవిపంది, ఎద్దు, మనిషి తేడా తెలియదు. పొద్దున్నే నీళ్లు పెట్టడానికి పోయిన రైతు దానికే చస్తాడు. తీగ పెట్టడం ఏ తాత నేర్పలేదు. వెనకాల మాంసానికి డబ్బులిచ్చేవాడు ఉన్నాడు, నేను మొదట చెప్పిన ఆ గొంతు తగ్గించే మనిషి. దొరికితే వాడి పేరు కేసులో ఉండదు. బైకు మనది, సంచి మనది, వేలిముద్ర మనది. డిగ్రీ అయిపోయి పోలీసు ఉద్యోగానికో గురుకులం పోస్టుకో తయారవుతున్న తమ్ముళ్లు ఇక్కడ ముందు వరసలోనే కూర్చున్నారు. ఒక్క కేసుతో ఆ ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాడి బతుకు కోర్టు వాయిదాల చుట్టూ తిరుగుతుంది.

"మరి మామకు ఏం చెప్పాలి, పిరికోడంటాడు" అన్నారు. మామకు చట్టం చెప్పకండి, వినడు. నెత్తురు జాడ గురించి చెప్పండి. "ముసురులో విల్లు దించొద్దని తాత అన్నాడు కదా మామా" అనండి. ఆ మాటకు మామ దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే అది ఆయనకు కూడా తాత చెప్పిందే.

ఊరికి మాత్రం పోండి. నేనూ వస్తున్నా. నాట్లు పడుతున్నాయి, మనుషులు దొరకడం లేదని అమ్మలు మొత్తుకుంటున్నారు. ఆదివారం సాయంత్రం ఊళ్లో కూర్చుందాం. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 ప్రకారం వన్యప్రాణుల్ని, అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. దాన్ని మనం ఇంతవరకు వాడుకోలేదు. కరెంటు తీగలు, ఉచ్చులు మన హద్దులో పెట్టొద్దని, మాంసం కొనడానికి బయటివాళ్లు రావొద్దని గ్రామసభ తీర్మానం రాసుకుందాం. రెండో తీర్మానంలో పండగ వేట గురించి. ఏడాదికొకసారి, పెద్దల సమక్షంలో జరిగే ఆచారాన్ని చట్టంలో నుంచి ఎందుకు తీసేశారో, నికోబార్‌కు ఇచ్చిన మాట మాకెందుకు వర్తించదో జవాబు చెప్పమని ప్రభుత్వాన్ని అడుగుదాం. జవాబు వచ్చేదాకా పండక్కి విల్లంబులు బయటికి తీసి ఊరి బయట గుమ్మడికాయకు గురి పెట్టండి. గురి తప్పినవాడి మీద పేడ నీళ్లు చల్లే హక్కు అక్కలకు అట్లాగే ఉంటుంది, దాన్ని ఏ చట్టం తీసేయలేదు.

తీర్మానాల నమూనా రాసి ఉంచాను. కావాల్సినవాళ్లు వెళ్లేటప్పుడు ఒక్కో కాపీ తీసుకోండి, మీ ఊరి పేరు మీరే రాసుకోండి. శనివారం రాత్రి షిఫ్టు అయినవాళ్లు ఈసీఐఎల్ చౌరస్తాలో తొమ్మిదింటికి కలవండి. అక్కడి నుంచి ఉప్పల్ పోయి హన్మకొండ బస్సు పట్టుకుందాం. గొడుగులు తెచ్చుకోండి. జంపన్న వాగు పొంగితే తాడ్వాయిలోనే ఆగుదాం, ఎవ్వరూ దాటే ప్రయత్నం చేయొద్దు.

జోహార్ సమ్మక్క సారలమ్మ. జోహార్ కొమురం భీం.