సూదాకు కనిపిస్తే పైన్ కాదు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఫైళ్లు చూశానే గాని చెట్లు చూడలేదు. మొన్న సెలవుల్లో మా మనవరాలు సరుగుడు చెట్టును చూపి, “జేజినాయనా, ఇది పైన్ చెట్టా?” అని అడిగింది. అవునని ధీమాగా చెప్పాను. మరునాడు ఆ పిల్లే పోచ ఒకటి తెచ్చి గణుపు దగ్గర లాగి చూపింది. పుటుక్కున ఊడింది. తప్పు నాదే. తరువాత తెలుసుకున్నది నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

సరుగుడు పోచ ఆకు కాదు, సన్నని రెమ్మ. గణుపు చుట్టూ పళ్లలా ఉండే పొలుసులే ఆకులు. కాయ శంకువులా ఉన్నా అది పూలు పూచే జాతే. అసలు పైన్ సూదికి గణుపులుండవు. రెండో, మూడో, ఐదో సూదులు ఒకే మొదట గుత్తిగా ఉంటాయి.

మన కల్లూరు ఇళ్ల ముందర పెంచుకోదగిన తూజా నిజమైన శంకుధారి. రెమ్మలు విసనకర్రల్లా పలుచగా, నిలువుగా నిలబడతాయి. లేత కాయల మీద కొక్కేల వంటి కొసలుంటాయి. ఎండకు ఓర్చుకుంటుంది గాని మొదట్లో నీరు నిలిస్తే ఓర్వదు.

క్రిస్మస్ చెట్టు పేరుతో కుండీలో అమ్మేది అరకేరియా. ఇదీ శంకుధారే. ఇందులో నార్‌ఫోక్ పైన్, కుక్ పైన్ అని రెండున్నాయి. పేరులో పైన్ ఉన్నా రెండూ పైన్లు కావు. చిన్నప్పుడు రెంటినీ పోల్చుకోవడం కష్టం. పెరిగాక కుక్ పైన్ సన్నగా స్తంభంలా ఉండి, భూమధ్యరేఖ వైపు ఒరుగుతుంది. అంటే మనకు దక్షిణానికి. ఐదు ఖండాల్లో 256 చెట్లను కొలిచి 2017లో శాస్త్రజ్ఞులు ఈ సంగతి ప్రకటించారు. ఏదైనా సరే, అది పెద్ద వృక్షం. గోడ పక్కన, కరెంటు తీగల కింద నాటకండి.

చివరిగా అసలు మాట. కడప, తిరుపతి కొండల్లో పేరిత అనే మొక్క ఉంది. శాస్త్రజ్ఞులు సైకస్ బెడ్డోమీ అంటారు. ఈతచెట్టులా కనిపిస్తుంది. మగ మొక్క నడినెత్తిన శంకువు వేస్తుంది. అయినా శంకుధారుల్లో చేరదు, వాటికి దూరపు చుట్టం. ప్రపంచంలో మన తూర్పు కనుమల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. మందుల కోసం శంకువులు కోయడం వల్ల, కార్చిచ్చు వల్ల తరిగిపోతోంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇచ్చింది. ఎవరైనా కొండ నుంచి తవ్వి తెచ్చి, తోటకు అందంగా ఉంటుందని అమ్మజూపితే కొనకండి. తెలియక కొన్నా నష్టం నష్టమే.

చెట్టు పేరు చెప్పేముందు రెమ్మ చేతికి తీసుకుని చూడండి. లేదా మనవలను అడగండి, వాళ్లు చూస్తారు.