తుపాకి ఎక్కడ ఉండాలి?

హైదరాబాదు వెళ్ళి సాలార్‌జంగ్ మ్యూజియం చూడకుండా వచ్చేవాళ్ళు తక్కువ. గంటలు కొట్టే గడియారం దగ్గర కాసేపు నిలబడి, మేలిముసుగు రెబెక్కా బొమ్మను చూసి, ఇక పోదామనుకునేసరికి మగపిల్లలు మనల్ని ఆయుధాల గదిలోకి లాక్కుపోతారు. కత్తులు, డాళ్ళు, పాతకాలపు తుపాకులు. పిల్లవాడు అద్దానికి ముక్కు ఆనించి చూస్తాడు. మనకేమీ భయం వేయదు. ఆ తుపాకి చేయవలసిన పని ఏనాడో అయిపోయింది. ఇప్పుడది చరిత్ర.

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో, మ్యూజియంలో ఇంకోరకం తుపాకి కూడా కనబడే వీలున్నది. అది అద్దాల బీరువాలో ఉండదు. మన పక్కనే నిలబడి బొమ్మలు చూస్తున్న పెద్దమనిషి నడుముకు, తోలు ఒరలో, అందరికీ కనబడేలా ఉంటుంది. ఆయన పోలీసు కాడు, కాపలాదారూ కాడు. మనలాగే చూడవచ్చినవాడు. ఇలా పదిమందికీ కనబడేలా ఆయుధం పెట్టుకు తిరగడాన్ని అక్కడ ‘ఓపెన్ క్యారీ’ అంటారు.

మనకెందుకమ్మా ఈ గొడవ అంటారా? కూతురి పురిటికనీ, మనవల్ని చూసుకోవాలనీ ఆర్నెల్లు అమెరికా వెళ్ళివచ్చే తల్లులు ఇవాళ మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. శని, ఆదివారాలు వస్తే పిల్లలు మనల్ని కారెక్కించి మ్యూజియంకో, జూకో తీసుకుపోతారు. మనవడి చేయి పట్టుకుని లోపలికి నడిచేది మనమే. ఆ గుమ్మం దగ్గర చట్టం ఏమంటున్నదో తెలుసుకుని ఉండడం మంచిది కదూ?

మన దేశంలో తుపాకి పెట్టుకోవడం హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు తీసుకోవాలి, ఎందుకు కావాలో చెప్పుకోవాలి. ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సున్న తుపాకులను కూడా పోలీసు స్టేషన్లో అప్పజెప్పమంటారు. అమెరికాలో లెక్క వేరు. 1791లో వారి రాజ్యాంగానికి చేర్చిన రెండవ సవరణ ఆయుధాలు ఉంచుకునే, ధరించే హక్కును గురించి చెబుతుంది. అది ఎవరి హక్కు, సైనిక దళాలదా, ఒక్కొక్క మనిషిదా అని చాలాకాలం వాదించుకున్నారు. 2008లో సుప్రీం కోర్టు అది మనిషి హక్కేనని తీర్పు చెప్పింది. 2010లో ఆ తీర్పు రాష్ట్రాలకూ, నగరాలకూ కూడా వర్తిస్తుందన్నది. 2022లో న్యూయార్కు కేసులో ఇంకొక అడుగు వేసి, ఇంటి బయట తుపాకి ధరించడం కూడా హక్కేనన్నది.

అయితే 2008 తీర్పులోనే కోర్టు ఒక మాట అన్నది. బడులు, ప్రభుత్వ భవనాలు వంటి సున్నితమైన స్థలాల్లో తుపాకులను నిషేధించే చట్టాల జోలికి తాము పోవడం లేదని. ఇప్పుడు గొడవంతా ఆ ‘వంటి’ అనే మాట మీదే. మ్యూజియం బడి వంటిదా, బజారు వంటిదా?

ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క జవాబు చెప్పింది. న్యూయార్కు రాష్ట్రం 2022లోనే కొత్త చట్టం చేసి మ్యూజియంలు, జూలు, గ్రంథాలయాలు, పార్కులు, చివరకు టైమ్స్ స్క్వేర్ కూడా సున్నితమైన స్థలాలే అన్నది. ఇల్లినాయ్ రాష్ట్రం 2013లో చేసిన చట్టంలోనే మ్యూజియంను, జూను నిషేధిత స్థలాల జాబితాలో చేర్చింది. షికాగోలో 1893లో వివేకానందుడు మాట్లాడిన భవనం మీకు గుర్తుండే ఉంటుంది. అది ఇప్పుడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే చిత్రకళా మ్యూజియం. అటువంటి చోట్ల గుమ్మం మీద ఎర్రటి వలయంలో తుపాకి బొమ్మ, దాని మీద అడ్డగీత ఉన్న చిన్న కాగితం అంటించి ఉంటుంది. పొడవు 6 అంగుళాలు, వెడల్పు 4 అంగుళాలు. చదువు రానివారికి కూడా అర్థమవుతుంది.

టెక్సాస్‌కు రండి. మన తెలుగువాళ్ళు డల్లాస్ చుట్టుపక్కల ఊళ్ళలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఆ రాష్ట్రంలో 2016 జనవరి నుంచి లైసెన్సున్నవాళ్ళు పిస్తోలును బాహాటంగా నడుముకు పెట్టుకోవచ్చు. 2021 సెప్టెంబరు నుంచి చాలామందికి లైసెన్సు కూడా అక్కర్లేదు. ప్రైవేటు మ్యూజియంవాళ్ళు వద్దనుకుంటే గుమ్మం దగ్గర బోర్డు పెట్టవచ్చు. ఆ బోర్డులో ఏ మాటలుండాలో చట్టమే చెబుతుంది. ఇంగ్లీషులోనూ, స్పానిష్‌లోనూ ఉండాలి, అక్షరాలు కనీసం అంగుళం ఎత్తు ఉండాలి. కాని ఆ భవనం ఊరిదైతే, నగరపాలకసంస్థే నడుపుతుంటే, చట్టం ప్రత్యేకంగా నిషేధించని చోట అటువంటి బోర్డు పెట్టకూడదు. పెడితే రోజుకు వెయ్యి డాలర్లకు తగ్గకుండా జుర్మానా. తుపాకి తెచ్చినవాడికి కాదమ్మా, బోర్డు పెట్టిన నగరానికి!

మరి స్థలం ఊరిదీ, నడిపేది ప్రైవేటు సంఘమూ అయితే? డల్లాసులో ఫెయిర్ పార్కు అని మ్యూజియంలున్న పెద్ద ఆవరణ ఉంది. స్థలం నగరానిది. ఏటా అక్కడ పెద్ద తిరునాళ్ళ వంటి స్టేట్ ఫెయిర్ జరుపుతుంది ఒక ప్రైవేటు సంఘం. 2023లో అక్కడ కాల్పులు జరిగి జనం గాయపడ్డారు. 2024లో ఆ సంఘం, తుపాకులు తేవద్దన్నది. రాష్ట్ర అటార్నీ జనరల్ కోర్టుకెక్కాడు. ఆ సెప్టెంబరులో టెక్సాస్ సుప్రీం కోర్టు ఆ నిషేధాన్ని ఆపడానికి ఒప్పుకోలేదు. పిల్లలు రంగులరాట్నం ఎక్కే చోటుకు తుపాకి రావచ్చునా అన్నది చివరకు ఇంటి యజమాని ఎవరు, అద్దెదారు ఎవరు అనే తగాదాగా మారింది చూడండి.

ఇక్కడే అసలు సంగతి ఉన్నది. మన ఊరి మ్యూజియంలో ఏం జరగాలో మన ఊరే నిర్ణయిస్తుందని మనం అనుకుంటాం. అక్కడ 40కి పైగా రాష్ట్రాల్లో తుపాకుల మీద సొంత నిబంధనలు చేసుకోకుండా ఊళ్ళకు రాష్ట్రమే అడ్డుకట్టలు వేసింది. సియాటిల్ నగరం 2009లో పిల్లలు తిరిగే పార్కుల్లో, సామాజిక కేంద్రాల్లో తుపాకులు వద్దని నిబంధన పెట్టింది. ఆ అధికారం నగరానికి లేదని కోర్టు కొట్టివేసింది, 2011లో పైకోర్టు కూడా అదే మాట అన్నది. కొన్ని రాష్ట్రాలు తరువాత మనసు మార్చుకున్నాయి. వర్జీనియా 2020లో, ఊళ్ళు తమ ప్రభుత్వ భవనాల్లో, పార్కుల్లో తుపాకులను నిషేధించుకోవచ్చునన్నది. కొలరాడో 2021లో ఆ అడ్డుకట్ట తీసేసింది.

తుపాకి ధరించేవారి మాట కూడా వినాలి. అదే న్యాయం. “దుర్మార్గుడు బోర్డు చూసి ఆగుతాడా? బోర్డుకు కట్టుబడేది మావంటి మంచివాళ్ళే. చీకటి పడ్డాక ఒంటరిగా కారు దాకా నడిచే ఆడదానికి తోడెవరు?” అంటారు వాళ్ళు. కొట్టిపారేయవలసిన మాట కాదు. ఇంకొకటి కూడా ఉన్నది. 1967 మే నెలలో కాలిఫోర్నియా శాసనసభా భవనంలోకి బ్లాక్ పాంథర్ పార్టీవాళ్ళు తుపాకులు చేతబట్టి బాహాటంగా నడిచారు. అప్పటికది తప్పు కాదు. ఆ ఏడాదే, గుండు నింపిన తుపాకి బాహాటంగా పట్టుకు తిరగడం నేరమని చట్టం చేశారు. చట్టం ఎవరిని చూసి భయపడి పుట్టిందో కూడా గమనించాలి మనం.

వాషింగ్టనులో స్మిత్‌సోనియన్ మ్యూజియంలలోకి తుపాకి తేవడం నిషిద్ధం. మామూలుగా కేంద్రప్రభుత్వ భవనాలన్నిటా అంతే. అయినా 2009 జూన్‌లో అదే నగరంలోని హోలోకాస్ట్ మ్యూజియంకు 88 ఏళ్ళ ముసలాయన వచ్చాడు. పెద్దవాడు కదా అని కాపలాదారు లేచి తలుపు తీశాడు. ఆ ముసలాయన తెచ్చిన తుపాకికి ఆ కాపలాదారే బలయ్యాడు. తక్కిన కాపలావాళ్ళు ఎదురుకాల్పులు జరిపి అతణ్ణి గుమ్మం దగ్గరే ఆపారు. బోర్డు ఒక్కటీ ఎవరినీ కాపాడదన్నది నిజమే. గుమ్మం దగ్గర తనిఖీ, అందుకు తర్ఫీదైన మనుషులు ఉండాలి. ఆ బాధ్యత చూడవచ్చినవాళ్ళ నడుము మీద వేసేది కాదు.

నా మట్టుకు నాకు తోచేదిది. గుడి బయట చెప్పులు విప్పి లోపలికి వెళతాం. అది చెప్పులకు అవమానం కాదు, ఆ చోటికి ఇచ్చే మర్యాద. తుపాకి ధరించే హక్కు వాళ్ళ రాజ్యాంగం ఇచ్చింది, కాదనడానికి మనమెవరం? కాని పసిపిల్లలు నోరు తెరుచుకుని రాక్షసబల్లి ఎముకల్ని చూసే చోట, గుమ్మం కాచేవాళ్ళకు ‘ఇది బయట పెట్టి రండి’ అనే అధికారం ఉండాలి. పెట్టుకోవడానికి తాళం ఉన్న పెట్టె కూడా వాళ్ళే చూపించాలి. కారులో వదిలిన తుపాకి దొంగల పాలైతే అది ఇంకో ప్రమాదం.

ఇక వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు. వెళ్ళేముందు ఆ మ్యూజియం నిబంధనలు పిల్లల్ని అడిగి తెలుసుకోండి, ఫోనులో నిమిషం పని. లోపల ఎవరి నడుముకైనా తుపాకి కనబడితే వేలు పెట్టి చూపించకండి, వాదన పెట్టుకోకండి. ఆ రాష్ట్రంలో అది తప్పు కాకపోవచ్చు. పిల్లల్ని తీసుకుని ఇంకో గదిలోకి పోండి, అనుమానంగా ఉంటే అక్కడి సిబ్బందికి చెప్పండి. తుపాకి చేత్తో పట్టుకుని ఉంటే మాత్రం ఆలస్యం చేయక బయటపడి 911కు ఫోను చేయండి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. విజిటర్ వీసా మీద వెళ్ళిన మనం గాని, హెచ్-1బి వీసా మీద ఉన్న మన పిల్లలు గాని తుపాకి దగ్గర ఉంచుకోవడం అక్కడి కేంద్రచట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులున్నాయి, అంతే. కాబట్టి సరదాకైనా, ఫొటోకైనా ఎవరి తుపాకీ చేతిలోకి తీసుకోకండి.

చివరగా ఒక మంచి మాట. 2024లో అదే సుప్రీం కోర్టు, భార్యనో స్నేహితురాలినో హింసిస్తాడని కోర్టు ఉత్తర్వు పొందిన మనిషి దగ్గర తుపాకి ఉండనివ్వని చట్టం సరైనదేనని ఎనిమిదిమంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా తీర్పు చెప్పింది. మన అమ్మాయిల్లో ఎవరైనా అటువంటి ఇంట్లో బిక్కుబిక్కుమంటూ ఉంటే, చట్టం ఈ విషయంలో ఆమె పక్షానే ఉన్నదని చెప్పండి. మ్యూజియం గుమ్మం కంటే ముందు కాచుకోవలసినది మన ఇంటి గుమ్మం.