ప్రశ్నకు ప్రాణం పోయవలసినది ప్రజలే
(గన్నవరంలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

చట్టసభలలో మన సమస్యలు ఎందుకు వినిపించడం లేదన్న విషయమై మాట్లాడమని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. నేను రాజకీయ నాయకుణ్ణి కాను. ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాణ్ణి. సభలో అడిగిన ప్రశ్న కార్యాలయంలో ఏ విధంగా పనిచేస్తుందో మాత్రం దగ్గరగా చూశాను.

ప్రశ్నించడం ఈ గన్నవరానికి కొత్త కాదు. 1952లో రాజ్యసభలో కమ్యూనిస్టు పక్షానికి నాయకత్వం వహించిన పుచ్చలపల్లి సుందరయ్యగారు, 1955లో ఈ నియోజకవర్గం నుంచే శాసనసభకు ఎన్నికయ్యారు. 1962లోను, 1978లోను ఇక్కడివారే ఆయనను మళ్ళీ పంపారు. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళిన ఆ మనిషిని మంత్రులు తేలికగా తీసుకోలేకపోయారంటే, ఆయన చేతిలో పల్లెల నుంచి సేకరించిన వివరాలు ఉండేవి.

మంత్రిని అడగడం సభ్యుడు చేసే ఉపకారం కాదు. రాజ్యాంగం 75వ అధికరణం ప్రకారం కేంద్ర మంత్రిమండలి లోక్‌సభకు, 164వ అధికరణం ప్రకారం రాష్ట్ర మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. పాలకపక్ష సభ్యులకు కూడా ఈ విధి వర్తిస్తుంది. 1957లో జీవిత బీమా సంస్థ సొమ్మును ముంద్రా కంపెనీలలో పెట్టిన వ్యవహారాన్ని లోక్‌సభలో నిలదీసిన ఫిరోజ్ గాంధీ కాంగ్రెసు సభ్యులే. జస్టిస్ ఎం.సి. చాగ్లా విచారణ అనంతరం 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయవలసి వచ్చింది. కనుక "మా పార్టీయే అధికారంలో ఉంది, ఎలా అడుగుతాం?" అనే మాటను మనం సమాధానంగా అంగీకరించకూడదు.

ఇక కార్యాలయం సంగతి. శాసనసభ ప్రశ్నను మేము ఎల్.ఎ.క్యూ. అనేవాళ్ళం. ఆ మూడక్షరాలు కనబడితే మిగిలిన పనులన్నీ పక్కకు జరగవలసిందే. ఒక ఊరి ఖబరస్తాన్ సరిహద్దుల గురించి ప్రజలు ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టారు. ప్రతిసారీ "పరిశీలనలో ఉన్నది" అనే జవాబే. ఒకనాడు సభలో ప్రశ్న పడింది. మరునాటికే సర్వేయరు గొలుసు పట్టుకొని వెళ్ళాడు. "ప్రతిపాదన పరిశీలనలో ఉన్నది" అని సభకు జవాబు వెళ్ళింది. ఆ తరువాత ఎవరూ అడగలేదు. ఫైలు మళ్ళీ బీరువాలోకి చేరింది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ప్రశ్నకు బలం ఉన్నది. ఒక్క ప్రశ్నతో పని పూర్తికాదు. మంత్రి సభలో ఇచ్చిన హామీ నెరవేరిందా లేదా అని చూడడానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉన్నది. ఆ కమిటీని కదిలించమని మన ప్రతినిధిని మళ్ళీ అడగవలసినది మనమే.

ప్రశ్నను రూపొందించడం కూడా ఒక విద్య. "మైనారిటీల సంక్షేమానికి చర్యలు తీసుకుంటున్నారా?" అని అడిగితే "అవునండి" అంటారు. "అన్యాయం జరుగుతున్నదా?" అంటే "లేదండి" అంటారు, దాని కింద "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని రాస్తారు. అటువంటి జవాబులు తయారుచేయడం మాకు అయిదు నిమిషాల పని. సంవత్సరం, జిల్లా, సంఖ్య, కారణం అడిగిన ప్రశ్నకు మాత్రం తప్పించుకోవడం కష్టం.

మన ఊరి ఉదాహరణే చూడండి. 2023లో గన్నవరం విమానాశ్రయం నుంచి హజ్ యాత్రికులు తొలిసారిగా బయలుదేరారు. మనమందరం సంతోషించాం. కాని హైదరాబాదు నుంచి వెళ్ళేవారికన్నా ఇక్కడి యాత్రికునికి సుమారు 80 వేల రూపాయలు అదనపు భారం పడింది. ఆ తేడాను రాష్ట్ర ప్రభుత్వం భరించింది. "ఛార్జీలు తగ్గిస్తారా?" అన్న ప్రశ్న చాలదు. ఒక్కొక్క కేంద్రం నుంచి ఏయే సంవత్సరం ఎంత వసూలు చేశారు, ఎన్ని విమాన సంస్థలు టెండరు వేశాయి, ధరను ఏ ప్రాతిపదికన ఆమోదించారు అని అడగాలి.

2022 డిసెంబరులో లోక్‌సభలో అడిగిన ఒక ప్రశ్నకు సమాధానంగానే, ఎం.ఫిల్., పిహెచ్.డి. విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి నిలిపివేసినట్లు మైనారిటీ వ్యవహారాల మంత్రి స్మృతి ఇరానీ తెలిపారు. ఇతర పథకాలలో ఇదే ప్రయోజనం ఉన్నదని కారణం చెప్పారు. ప్రశ్న ఆ ఫెలోషిప్‌ను కాపాడలేకపోయింది. అయినా నిర్ణయమూ, దాని కారణమూ సభా రికార్డులోకి ఎక్కాయి. ఆ ఇతర పథకాలలో మన పిల్లలు ఎందరికి అవకాశం దక్కిందని అడిగే ఆధారం మనకు చిక్కింది. ఆ రెండవ ప్రశ్నలోనే మన ఆడపిల్లల పరిశోధన భవిష్యత్తు ఉన్నది.

లోక్‌సభలో ప్రశ్నకు 15 రోజుల ముందుగా నోటీసు ఇవ్వాలి. రోజుకు మౌఖిక జవాబు కోసం 20 ప్రశ్నలనే జాబితాలో చేరుస్తారు. అవీ లాటరీలో రావాలి. కనుక సమావేశాలు మొదలయ్యాక పరుగెత్తితే ప్రయోజనం ఉండదు. గన్నవరం మచిలీపట్నం లోక్‌సభ స్థానంలో ఉన్నది. ప్రతి మసీదు కమిటీ, ప్రతి మహల్లా చదువుకున్న ఇద్దరు యువకులను, ఇద్దరు యువతులను ఈ పనికి నియమించాలి. ఆగిన స్కాలర్‌షిప్పులు, ఆక్రమణలో ఉన్న వక్ఫ్ భూములు, ఖాళీగా ఉన్న ఉర్దూ ఉపాధ్యాయుల పోస్టులు, వీటి వివరాలను కాగితం మీద పెట్టి, సమావేశాలకు నెల ముందే ఎంపీకి, ఎమ్మెల్యేకి అందజేసి రసీదు తీసుకోవాలి. వారు అడిగితే కృతజ్ఞత చెబుదాం. అడగకపోతే, ఎందుకు అడగలేదని మర్యాదగా ప్రశ్నిద్దాం.