తమ్ముడి లెక్కల పుస్తకం
(సంస్మరణ సభలో చేసిన ప్రసంగం)

 

పదిహేను రోజులుగా ఇంట్లో మా తమ్ముడి ముచ్చట్లే. ఎడ్లకు నీళ్లు పెట్టందే అన్నం ముట్టేవాడు కాదని అమ్మ అంటది. పత్తి ఏరేటప్పుడు పక్కసాలు వాళ్ల మీద పాటలు కట్టి నవ్వించేవాడని మరదలు చెప్పింది. గొంతు మాత్రం ఎట్లుండేదో మీకూ తెలుసు. బిడ్డ వాడి లెక్కల పుస్తకం తీసింది. కౌలు, విత్తనం, డీఏపీ, కూలి అన్నీ రాశాడు. తన కూలి మాత్రం ఎక్కడా రాయలేదు.

16 ఏళ్లు ఆ 4 ఎకరాలు దున్నాడు. పాసుబుక్కు పట్నంలో ఉండే ఆసామి పేరున ఉంది. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబీమాలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో పోయినా కుటుంబానికి 5 లక్షలు ఇస్తారు. మావాడికి 46. పాము కరిచి చేన్లోనే పోయాడు. అయినా బీమా లెక్కలో వాడు రైతు కాదు. కౌలుదార్లకు రుణ అర్హత కార్డులివ్వాలని 2011లోనే చట్టం చేశారు. వాడు రెండుసార్లు దరఖాస్తు పెట్టాడు, కార్డు రాలేదు.

సోమవారం మరదలిని తీసుకొని తహసీల్దారు ఆఫీసుకు పోతున్నాం. ఆ పుస్తకమూ తీసుకుపోతాం. కౌలు కట్టిన ప్రతి తేదీ అందులో ఉంది. మీ ఇళ్లలో అలాంటి పుస్తకాలుంటే పట్టుకొని రండి. పది గంటలకు బస్టాండు దగ్గర ఉంటాం.