కిడ్నీలో రాయి: నీళ్ల ఖర్చు ఎంత? ఆపరేషన్ ఖర్చు ఎంత?

కిడ్నీలో రాయి నొప్పి గురించి అందరూ చెబుతారు. ఈరోజు మనం జేబు గురించి మాట్లాడుకుందాం.

రాయి 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలామందికి దానంతట అదే మూత్రంలో పడిపోతుంది. ఖర్చు స్కానింగ్, మందుల వరకే. పెద్దదై అడ్డుపడితే షాక్ వేవ్స్‌తోనో, లేజర్‌తోనో, వీపు వైపు చిన్న రంధ్రం పెట్టో తీయాలి. చాలాసార్లు లోపల స్టెంట్ వేస్తారు. దాన్ని తీయించుకోవడానికి మళ్లీ హాస్పిటల్, మళ్లీ ఖర్చు. బైక్ మీద డెలివరీలు చేసే తమ్ముడికి ఆ రోజుల సంపాదన కూడా పోయినట్టే. అది ఏ బిల్లులోనూ కనపడదు.

ఇన్సూరెన్స్ ఉందిగా అంటారా? చాలా పాలసీల్లో కిడ్నీ రాళ్లకి 2 ఏళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. మీ పాలసీ ఒకసారి తీసి చదవండి. ఆరోగ్యశ్రీ వర్తించేవాళ్లు చేరే ముందే ఆరోగ్యమిత్రని అడగండి.

అసలు చిక్కు ఏంటంటే, ఒకసారి వచ్చిన రాయి మళ్లీ రావచ్చు. 1996లో ఇటలీ డాక్టర్లు, మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని 5 ఏళ్లు గమనించిన ఫలితాలు ప్రచురించారు. నీళ్లు బాగా తాగించిన గ్రూపులో 12 శాతం మందికి, మిగతా గ్రూపులో 27 శాతం మందికి మళ్లీ వచ్చింది. తేడా నీళ్లే!

లెక్క వేద్దాం. రోజుకి 2.5 లీటర్ల మూత్రం రావాలి. మన ఎండలకి చెమట కూడా పోతుంది కాబట్టి మూడున్నర లీటర్లు తాగాలి అనుకుందాం. నెలకి 105 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఐదారు. క్యాన్ 30 రూపాయలైతే 180 దాటదు.

ఉప్పు తగ్గించండి, పచ్చళ్లు, చిప్స్ కూడా లెక్కలోకే వస్తాయి. కాల్షియం రాయి కదా అని పాలు, పెరుగు మానేయకండి. తిండిలోని కాల్షియం రాయికి కారణమయ్యే ఆక్సలేట్‌ని పేగుల్లోనే పట్టేస్తుంది. బీరు మందు కాదు బ్రో! పడిన రాయిని పారేయకుండా ల్యాబ్‌కి ఇవ్వండి, ఏ రకమో తెలిస్తే జాగ్రత్త సులువు.

చాలామంది, ముఖ్యంగా అమ్మాయిలు, బయట బాత్రూమ్ ఉండదని నీళ్లే తాగరు. షాపు, ఆఫీసు నడిపేవాళ్లు వింటుంటే, ఒక శుభ్రమైన బాత్రూమ్ పెట్టండి. అది కూడా వైద్యమే.

గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత తాగాలో డాక్టర్‌ని అడగండి. నొప్పితో పాటు జ్వరం వస్తే ఆగొద్దు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి. ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి ఒక గ్లాసు నీళ్లు తాగండి. మళ్లీ కలుద్దాం!