బండి వేడెక్కాక టక్కున ఆగిపోతోందా? పంపు దింపే ముందు ఇది చూడండి

ఈ ఎపిసోడ్ కాశీబుగ్గలో తెలిసిన అన్న షెడ్డులో కూర్చుని మాట్లాడుతున్నా. వెనకాల మోత వస్తే ఏమీ అనుకోవద్దు.

మాది వజ్రపుకొత్తూరు వైపు. ఉద్దానం అనగానే జీడితోటలు, కొబ్బరితోటలు గుర్తొస్తాయి, వాటి వెంటే కిడ్నీ జబ్బు కూడా గుర్తొస్తుంది. మా పెదనాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో మొదలయ్యాక చాలామందికి విశాఖ తిరిగే బాధ తగ్గింది. కానీ పలాస దాకా అయినా బండి నడవాలి కదా. మాది 2016 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ.

ఆ రోజు డయాలసిస్ అయ్యాక పెదనాన్నని టెక్కలిలో అక్క వాళ్లింట్లో దించుదామని హైవే ఎక్కాను. నందిగాం దగ్గరికి వచ్చేసరికి ఇంజన్ ఆగిపోయింది. కుదుపు లేదు, పొగ లేదు, ఎవరో కీ తిప్పేసినట్టు ఆగిపోయింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది, ఎలాగో పక్కకి లాగాను. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది గానీ స్టార్ట్ అవ్వట్లేదు. వెనక సీట్లోంచి పెదనాన్న, "ఏట్రా, మళ్లీ ఆగిపోనాదా?" అన్నాడు. నాలుగు గంటలు మెషిన్ మీద ఉండి వచ్చిన మనిషి. దాహమేస్తోందన్నా సీసా అందించలేం, ఆయనకి నీళ్లు కూడా కొలతే. తువ్వాలుతో విసురుతూ కూర్చున్నాను. అరగంట తర్వాత ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది.

"మళ్లీ" అన్నాడు కదా, అప్పటికే అది రెండోసారి. మొదటిసారి ఒక షెడ్డులో చూపిస్తే డీజిల్ ఫిల్టర్ మార్చారు. రెండోసారి వెళ్తే "పంపు దింపాలి, ఇంజెక్టర్లు కూడా చూడాలి" అన్నారు. ఎస్టిమేట్ వేల నుంచి లక్ష వైపు నడుస్తోంది. వాళ్లు మోసం చేశారని నేను అనను. డీజిల్ బండి ఆగితే ఎవరైనా ముందు డీజిల్ లైన్‌నే అనుమానిస్తారు. కానీ డీజిల్ అందకపోతే మామూలుగా ముందు పికప్ తగ్గుతుంది, ఈడుస్తుంది. మాది అలా లేదు. వేడెక్కాకే ఆగుతోంది, చల్లారాక నడుస్తోంది.

మూడోసారి ఆగినప్పుడు నేను ఒక్కడినే ఉన్నాను. ఈసారి సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎమ్ సూదిని చూశాను. సెల్ఫ్ తిరిగేటప్పుడు చాలా బండ్లలో ఆ సూది కొంచెమైనా లేస్తుంది. నాది కదల్లేదు. అంటే ఇంజన్ తిరుగుతోందన్న సంగతే కంప్యూటర్‌కి, అదే ఈసీయూకి, తెలియట్లేదు. ఆ సంగతి చెప్పేది క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సార్. క్రాంక్ ఎక్కడుందో తెలియకపోతే డీజిల్ ఎప్పుడు కొట్టాలో ఈసీయూకి తెలీదు, కొట్టడం ఆపేస్తుంది. కొన్ని బండ్లు క్యామ్ సెన్సార్ సాయంతో ఎలాగో నెట్టుకొస్తాయి, అన్నీ రావు.

స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. ఈఎల్ఎమ్327 బ్లూటూత్ స్కానర్ దానికి పెడితే కోడ్ ఫోన్‌లోనే కనిపిస్తుంది. వెయ్యి లోపే దొరుకుతుంది. నాకు వచ్చిన కోడ్ పీ0335. వెంటనే క్లియర్ కొట్టకండి, ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఇక్కడే నేనూ కంగారుపడ్డాను. కోడ్ వచ్చింది, సెన్సార్ కొనేద్దామని బయల్దేరాను. ఈ అన్న ఆపాడు. "ఆ కోడ్ సెన్సార్ పాడైందని చెప్పదు తమ్ముడూ, ఆ సర్క్యూట్‌లో తేడా ఉందని చెప్తుంది. వైరు తెగినా అదే కోడ్, ఎలుక కొరికినా అదే కోడ్." బండి కింద దూరి చూస్తే కనెక్టర్ పిన్నుల మీద పచ్చగా చిలుము. మనది సముద్రపు గాలి, ఉప్పు ఎక్కడికైనా చేరుతుంది. స్ప్రే కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది పెట్టాం. మూడు రోజులు బాగా నడిచింది. నేను పార్టీ కూడా ఇచ్చేశాను. నాలుగో రోజు మళ్లీ ఆగింది.

అప్పుడు అసలు టెస్ట్ చేశాం. మాది మూడు వైర్ల సెన్సార్, హాల్ టైప్ అంటారు. కనెక్టర్ పీకి, కీ ఆన్ చేసి మీటర్ పెడితే ఒక వైరులో ఐదు వోల్టులు వచ్చాయి, ఎర్త్ బాగుంది. అంటే వైరింగ్ దాదాపు సరే. హాల్ టైప్‌కి ఓమ్స్ కొలవడం పనికిరాదు, ఆ పద్ధతి రెండు వైర్లు ఉన్న వాటికి. కనెక్టర్ తిరిగి పెట్టి, ఇంజన్ చల్లగా నడుస్తుండగా సెన్సార్ మీదకి హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి కొట్టాం. మా చెల్లిదే, తిట్లు తిన్నాను. కొన్ని నిమిషాలకి ఇంజన్ ఆగింది. తడిగుడ్డ వేసి చల్లార్చితే స్టార్ట్ అయింది. రెండుసార్లు చేశాం, రెండుసార్లూ అదే. వేడికి లోపల ఎక్కడో కనెక్షన్ విడిపోతోందన్నమాట.

మార్చడం పావుగంట పని. బ్యాటరీ నెగటివ్ తీశాం, పది నంబర్ స్పానర్‌తో ఒక్క బోల్టు విప్పాం. ఓ-రింగ్ పట్టేసి ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడవకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ లాగాలి. కొత్తదాని రింగుకి చుక్క ఇంజన్ ఆయిల్ రాసి చేత్తోనే నొక్కాలి, సుత్తి దగ్గరికి కూడా రానివ్వొద్దు. పాతదాని మీద నంబర్ చూసి అదే నంబర్ ఒరిజినల్ తెచ్చుకోండి. కొన్ని మోడళ్లలో మార్చాక స్కానర్‌తో రీలెర్న్ చేయాలి, మాదానికి అక్కర్లేకపోయింది.

కోడ్ క్లియర్ చేశాక కూడా వెంటనే పెదనాన్నని ఎక్కించలేదు. మధ్యాహ్నం ఎండలో ఏసీ వేసి గంటసేపు ఐడిల్‌లో ఉంచాను. తర్వాత పలాస నుంచి టెక్కలికి ఖాళీ బండితో రెండుసార్లు తిరిగాను. ఆ తర్వాతే ఆసుపత్రికి తీసుకెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు నందిగాం దాటుతుంటే వెనకనుంచి మెడ చాచి అడిగాడు: "సూది లెగుస్తందేట్రా?"