ప్రేగుపూత : మన వైద్యుల శోధన

నెలల తరబడి రక్తముతోను జిగటతోను విరేచనములగుచున్నను, మన గ్రామములలో దానిని మొలలనియో రక్తబంకయనియో భావించి నాటుమందులతో కాలము గడపువారు పెక్కురు. వీరిలో కొందరిది ప్రేగుపూత. పెద్దప్రేగు లోపలి పొర వాచి, పుండుపడి, నెత్తురోడు దీర్ఘవ్యాధి యిది.

ఇది పాశ్చాత్యులకే గాని భారతీయులకు అరుదని వైద్యులు సైతము చిరకాలము నమ్మిరి. ఇంగ్లండునందలి లీస్టరు ప్రాంతమున స్థిరపడిన భారతీయులలో అచటివారికంటె ఇది హెచ్చుగా నున్నదని 1992లో ప్రకటితమైనది. మరి స్వదేశమున మాటయేమి? లూధియానా వైద్యులు డాక్టరు అజిత్ సూద్ గారు మున్నగువారు పంజాబున ఇంటింటి వారిని, మొత్తము 51,910 మందిని, విచారింపజేసిరి. అనుమానము తోచినవారిని పరీక్షింపగా 23 గురికి వ్యాధి రూఢియయ్యెను. లక్షకు 44 గురన్నమాట! 2003లో ఈ లెక్క వెలువడినది. ఆసుపత్రి గుమ్మము దాటని వైద్యునకు ఇట్టి లెక్క దొరకదు.

పిదప హైదరాబాదున డాక్టరు రూపా బెనర్జీ గారును సహచరులును, ఉదరబాధలు గల ముప్పదివేలమందికి పైగా కొలనోస్కోపు అను దీపపు గొట్టముతో ప్రేగులు పరీక్షించిరి. పల్లెవారియందును పట్టణవాసులయందును వ్యాధి ఇంచుమించు సమానముగనే కానవచ్చినట్లు 2023లో ప్రకటించిరి.

మరియొక చిక్కు కలదు. తరచుగ చిన్నప్రేగు తుదిని పట్టు క్రోన్స్ వ్యాధి ఈ జాతిదే. అది ప్రేగుక్షయను మిక్కిలి పోలియుండును. అందుచే క్షయమందులు మాసములపాటు సేవించియు గుణము గాననివారు కలరు. కావున రక్తము పడుట కొన్ని వారములు దాటినచో, ప్రేగును లోపల చూడగల ఆసుపత్రికి రోగిని కొనిపొండు. క్రమముగ మందు సేవించినచో చాలమందికి వ్యాధి అణగియుండును. నెమ్మదించినదని తమంతట తాము మానినవారికి మరల తిరుగబెట్టవచ్చును.